సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి బీటాలోనే ఎందుకు ఉండిపోతుంది?

మీరు అడిగింది ఇది: మూడేళ్లుగా వాడుతున్న నోట్సు యాప్ పేరు పక్కన ఇప్పటికీ 'బీటా' (అంటే ఇంకా పరీక్షల్లోనే ఉన్న వెర్షన్) అనే ఉంది, రోజూ బాగానే పనిచేస్తోంది, మరి ఆ మాట ఎందుకు తీసేయరు, దాన్ని నమ్మి ఆఫీసు పని అందులో పెట్టుకోవచ్చా అని. ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ తయారీలో ఉన్నాను. అందులో సగం కాలం విడుదలల బాధ్యత నాదే. నేను చూసినంతలో, లోపాలు మిగిలాయన్న కారణంతో బీటా ముద్ర ఏళ్ల తరబడి ఉండిపోవడం అరుదు. పూచీ పడేవారు లేక ఉండిపోతుంది. బయటివారు ఎవరైనా వచ్చి 'రాసి ఇవ్వండి' అని గట్టిగా అడిగిన రోజున పోతుంది.

జీమెయిల్ సంగతి చూడండి. 2004 ఏప్రిల్ 1న మొదలైంది. హాట్‌మెయిల్ 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ జాగా ఇస్తున్న రోజుల్లో ఏకంగా 1 జీబీ ఇస్తామనేసరికి చాలామంది ఏప్రిల్ ఫూల్ పరిహాసమనే అనుకున్నారు. ఆహ్వానం ఉంటేనే ఖాతా దొరికేది. ఒక్క ఆహ్వానం కోసం అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటున్న మిత్రులందరినీ అడిగి తిరిగిన రోజులు నాకు గుర్తే. 2007 ఫిబ్రవరికల్లా ఆహ్వానం అవసరం లేకుండా అందరికీ తెరిచారు. బీటా మాత్రం పోలేదు. అదే నెలలో సంస్థల కోసం గూగుల్ యాప్స్ ప్రీమియర్ అనే పేరుతో ఖాతాకు ఏడాదికి 50 డాలర్ల చొప్పున అమ్మడం మొదలుపెట్టారు. 99.9 శాతం సమయం మెయిల్ అందుబాటులో ఉంటుందని ఒప్పందంలో రాసి ఇచ్చారు. ముప్పై రోజుల నెలలో సుమారు 43 నిమిషాలకు మించి ఆగకూడదని దాని అర్థం. అంత మాట ఇచ్చిన తరువాత కూడా రెండేళ్లకు పైగా జీమెయిల్ పేరు దగ్గర బీటా అనే ఉంది.

చివరికి 2009 జూలై 7న జీమెయిల్, క్యాలెండర్, డాక్స్, టాక్ నాలుగింటికీ ఒకేసారి ఆ ముద్ర తీసేశారు. నాలుగూ వేర్వేరు బృందాలు వేర్వేరు కాలాల్లో తయారుచేసినవి. నాలుగింటిలోని లోపాలూ ఒకే మంగళవారం నాడు తీరిపోవు కదా. కారణం గూగుల్ తన ప్రకటనలోనే చెప్పింది: ఇంకా పరీక్షల్లో ఉన్నట్టు వినిపించే సాఫ్ట్‌వేర్ మీద వ్యాపారం నడపడానికి పెద్ద సంస్థలు ఇష్టపడడం లేదని. ఆ ముద్ర మీద అభిమానం ఉన్నవారు కావాలంటే ప్రయోగాత్మక సదుపాయాలు ఉండే జీమెయిల్ ల్యాబ్స్‌లోకి వెళ్లి మళ్లీ తగిలించుకునే వీలు కూడా ఉంచారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారకుండా పెట్టగలిగి, తీయగలిగిన ముద్ర అది.

దీని పక్కనే క్రోమ్‌ను పెట్టి చూడండి. 2008 సెప్టెంబరు 2న బీటాగా వచ్చింది, డిసెంబరు 11కల్లా బయటకు వచ్చేసింది. సరిగ్గా వంద రోజులు. బ్రౌజర్ రాయడం మెయిల్ రాయడం కన్నా తేలికేమీ కాదు. కాని కొత్త కంప్యూటర్లలో క్రోమ్ ముందే వేసి అమ్మాలంటే వాటిని తయారుచేసే సంస్థలు ఒప్పుకోవాలి. బీటా అని రాసి ఉన్నదాన్ని తమ పెట్టెలో పెట్టి అమ్మడానికి ఏ తయారీదారూ ముందుకు రాడు. అక్కడ సంతకం అడిగేవారు త్వరగానే ఎదురయ్యారు. జీమెయిల్ విషయంలో అడిగేవారు రావడానికి ఐదేళ్లు పట్టింది.

ఈ మాట మొదట పుట్టినప్పుడు ఇలా లేదు. ఐబీఎం సంస్థ యంత్రాలు తయారుచేసే పాత రోజుల్లో ఏ పరీక్ష, బీ పరీక్ష అని ఉండేవి. ఉత్పత్తిని ప్రకటించే ముందు ఒకటి, తయారీ మొదలుపెట్టే ముందు ఒకటి. అవే తరువాత ఆల్ఫా, బీటా అయ్యాయి. ఫ్లాపీలు, సీడీల కాలంలోనూ ఆ అర్థం చెక్కుచెదరలేదు. లక్ష సీడీలు ముద్రించి దుకాణాలకు పంపిన తరువాత తప్పు బయటపడితే వెనక్కి తెప్పించడం అసాధ్యం. అందువల్ల ముద్రణకు పంపే తేదీ ఒకటి గోడ మీద రాసి ఉండేది, బీటా ఆ తేదీతో ముగిసేది. 2000 సెప్టెంబరు 13న ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. అది మరుసటి ఏడాది మే నెలలో దానంతటదే పనిచేయడం మానేసేలా తయారుచేశారు. మార్చి 24న అసలు వెర్షన్ వచ్చింది. చనిపోయే తేదీ ముందే రాసుకుని పుట్టిన బీటా అది.

సాఫ్ట్‌వేర్ సర్వర్ మీదికి చేరాక ఆ తేదీ మాయమైంది. ఉదయం తప్పు దొరికితే మధ్యాహ్నానికి దిద్దవచ్చు. వాడేవారికి తెలియను కూడా తెలియదు. ముద్రణకు వెళ్లే రోజే లేనప్పుడు బీటా ఎప్పుడు ముగియాలి? 2005లో సాంకేతిక పుస్తకాల ప్రచురణకర్త టిమ్ ఓరైలీ వెబ్ 2.0 అనే కొత్త తరం వెబ్ సేవల గురించి రాస్తూ దీనికి 'శాశ్వత బీటా' అని పేరు పెట్టాడు. నిత్యం మారుతూ ఉండడం మంచి లక్షణమేనని ఆయన వాదం. మారుతూ ఉండడం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. కాని మారుతూ ఉండడం వేరు, పూచీ లేకుండా ఉండడం వేరు. ఈ రెండింటినీ ఒకే మాట కింద కలిపేయడం వల్ల మన వృత్తికి చాలా నష్టం జరిగింది.

పూచీ అని ఇన్నిసార్లు అంటున్నాను కాబట్టి అందులో ఏముంటుందో నా అనుభవం ఒకటి చెబుతాను. సంస్థ పేరు అక్కరలేదు. ఆరుగురం కలిసి మందుల హోల్‌సేల్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. 2015 ఏప్రిల్‌లో విజయవాడలో కొన్ని దుకాణాలకు ఇచ్చాం. లాగిన్ పేజీ మీద 'బీటా' అని పెట్టి, మూడు నెలల్లో తీసేద్దాం అనుకున్నాం. ఇరవై ఆరు నెలలు ఉంది.

మొదటి ఏడాది ఉండడానికి న్యాయమైన కారణమే ఉంది. మందుల వ్యాపారం తెలిసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది: ఒకే మాత్రకు బ్యాచ్ నంబరు మారితే గడువు తేదీ మారుతుంది, ఒక్కోసారి ఎంఆర్‌పీ కూడా మారుతుంది. మేము ఎంఆర్‌పీని మందు పేరుకు కట్టాం. బ్యాచ్‌కు కట్టాలి. ఈ తప్పు దిద్దడానికి పాత బిల్లులన్నింటినీ కొత్త రూపంలోకి మార్చవలసి వచ్చింది. తరువాత తిరిగివచ్చిన సరుకు లెక్క కోసం ఒకసారి, స్కీముల్లో వచ్చే ఉచిత సరుకు కోసం మరోసారి, ఇలా లోపలి నిర్మాణం మూడుసార్లు మార్చాం. స్థిరమైన వెర్షన్ అని ముందే చెప్పి ఉంటే పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పక్కపక్కన మోయవలసి వచ్చేది. పునాది ఇంకా కదులుతోందని నిజాయితీగా చెప్పడానికి బీటా అన్న మాట సరిగ్గా సరిపోయింది.

రెండో ఏడాది అలా కాదు. నిర్మాణం కుదురుకుంది. దుకాణాలు ముప్పై అయ్యాయి. అయినా ఎవరమూ ఆ మాట జోలికి పోలేదు. ఎందుకు అని ఇప్పుడు ఆలోచిస్తే కారణాలు స్పష్టంగానే కనిపిస్తాయి. ప్రతి సమావేశంలోనూ కొత్త సదుపాయం గురించే చర్చ. కొత్త సదుపాయం చేర్చినవారికి పేరు వస్తుంది. బ్యాకప్ తిరిగి ఎక్కించి చూసినవారికి రాదు. కొత్తది చేర్చిన ప్రతిసారీ 'ఇది కొంచెం కుదురుకోనిద్దాం' అని గడియారం మళ్లీ సున్నాకు తిప్పేవాళ్లం. దుకాణం నుంచి ఫిర్యాదు వస్తే 'బీటా కదండీ' అనే సమాధానం చేతిలో సిద్ధంగా ఉండేది. ఆ సమాధానం పోగొట్టుకోవడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు. మరో సంగతి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైనది: మొదటి మూడు నెలల్లో దుకాణదారులు రోజూ ఫోన్ చేసి తప్పులు చెప్పేవారు. ఏడాది గడిచేసరికి ఆ తప్పులను తప్పించుకుని పని చేసుకోవడం నేర్చుకున్నారు, చెప్పడం మానేశారు. పరీక్షించేవారే లేని పరీక్ష నడుపుతున్నాం.

2017 మే నెలలో వన్‌టౌన్‌లోని ఒక పెద్దాయన దుకాణానికి వెళ్లాను. జూలై 1 నుంచి జీఎస్టీ వస్తోంది. ప్రతి సరుకుకూ దాని రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, కొత్త పన్ను రేట్లు, నెలనెలా ఆన్‌లైన్ రిటర్నులు. ఆయన లాగిన్ పేజీ మీది ఆ మాట చూపించి అడిగారు: "బాబూ, దీని అర్థం మా అబ్బాయి చెప్పాడు. ఇంకా పరీక్షిస్తున్నారట. నా లెక్కలన్నీ మీ చేతిలో పెట్టాను. రేపు పన్నులవాళ్లు రెండేళ్ల కిందటి బిల్లు చూపించమంటే, అది తెరుచుకోకపోతే, నేను ఎవరిని అడగాలి? తెరుచుకుంటుందని రాసి ఇస్తారా?"

రాసి ఇస్తానండీ అని ఆ రోజు అనలేకపోయాను. ఆ రాత్రి బస్సులో హైదరాబాదు తిరిగి వస్తూ ఎందుకు అనలేకపోయానో ఆలోచించాను. మరుసటి రోజు అందరం కూర్చున్నాం. మా దగ్గర తేలని సమస్యల జాబితాలో నూట నలభై దాకా ఉన్నాయి. వాటిని ఒక్క ప్రశ్నతో విడదీశాం: దీనివల్ల లెక్క తప్పుతుందా, బిల్లు పోతుందా? అవును అన్నవి తొమ్మిదే తేలాయి. మిగతావన్నీ అక్షరాలు పక్కకు జరగడం, ప్రింటరులో మార్జిన్లు, ఒక పేజీ నెమ్మదిగా తెరుచుకోవడం వంటివి. ఆ తొమ్మిదీ దిద్దడానికి పన్నెండు రోజులు పట్టింది.

అసలు శ్రమ మరోచోట పడింది. ఒక దుకాణం బ్యాకప్‌ను ఖాళీ కంప్యూటర్ మీద తిరిగి ఎక్కించి చూశాం. మొదటిసారి ఎక్కలేదు. రెండేళ్లుగా ప్రతి రాత్రీ బ్యాకప్ తీస్తూనే ఉన్నాం, ఒక్కసారీ తిరిగి ఎక్కించి చూడలేదు. ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ పని సరిచేశాం. 2015 నాటి మొదటి బిల్లు నుంచి ప్రతి బిల్లూ కొత్త వెర్షన్‌లో తెరిచి మొత్తాలు పోల్చే కార్యక్రమం రాశాం. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఫోను ఎత్తే మనిషిని నియమించాం. మా సాఫ్ట్‌వేర్ మానేయాలనుకునే దుకాణానికి లెక్కలన్నీ ఎక్సెల్‌లో తీసి ఇచ్చే ఏర్పాటు చేశాం. జూన్ చివరి వారంలో ఒక పేజీ ఒప్పందం రాసి, ముప్పై దుకాణాలకూ సంతకం చేసి ఇచ్చాం. లాగిన్ పేజీ నుంచి బీటా మాట తీయడం అర నిమిషం పని. ఆ ఒక్క పేజీ రాయగలిగే స్థితికి రావడమే ఇరవై ఆరు నెలలుగా మేము వాయిదా వేసుకుంటూ వచ్చిన పని.

పెద్ద స్థాయిలో ఇదే జరిగిన ఉదాహరణ కుబర్నెటీస్. సర్వర్ల మీద కార్యక్రమాలు నడిపించే ఈ వ్యవస్థను ప్రపంచమంతా వాడుతోంది. అందులో బయటి ట్రాఫిక్‌ను లోపలికి మళ్లించే ఇంగ్రెస్ అనే భాగం 2015లో బీటాగా వచ్చి, 2020 ఆగస్టులో 1.19 వెర్షన్‌తో గాని స్థిరపడలేదు. నిర్ణీత వేళల్లో పనులు నడిపే క్రాన్‌జాబ్ 2017లో బీటాకు చేరి 2021 దాకా అక్కడే ఉంది. కారణం విచిత్రంగా అనిపించినా సహజమైనదే. బీటా భాగాలు ఎవరూ ప్రత్యేకంగా ఆన్ చేయకుండానే పనిచేసేవి, అందువల్ల అందరూ వాటి మీదే నిజమైన వ్యాపారాలు నడిపారు. వాడేవారికి ఇబ్బంది లేదు, తయారుచేసేవారికి తొందర లేదు. ఇక దాన్ని స్థిరపరచడానికి కూర్చునేది ఎవరు?

వారు కనుగొన్న మందు నాకు చాలా నచ్చింది. ఒక భాగం బీటాకు చేరిన రోజు నుంచి సుమారు తొమ్మిది నెలల గడువు పెట్టారు. ఆలోగా స్థిరమైన వెర్షన్ తేవాలి, లేదా కొత్త బీటా తెచ్చి పాతదాన్ని విరమణ బాట పట్టించాలి. రెండూ చేయకపోతే అది తొలగింపు వైపు నడుస్తుంది. 2022లో వచ్చిన 1.24 వెర్షన్ నుంచి కొత్త బీటా ఏపీఐలను (ఇతర కార్యక్రమాలు ఆ భాగాలను వాడుకునే ద్వారాలను) వాడేవారు తామే ఆన్ చేస్తే తప్ప పనిచేయనివ్వకూడదని నిర్ణయించారు. సీడీలతో పాటు పోయిన తేదీని నియమంగా రాసి వెనక్కి తెచ్చుకున్నారు. చిన్న బృందాలు కూడా దీన్ని అనుసరించవచ్చు. ఖర్చేమీ లేదు.

స్వచ్ఛంద సేవకుల ప్రాజెక్టుల తీరు కొంచెం వేరు. లినక్స్ మీద విండోస్ కార్యక్రమాలు నడిపే వైన్ 1993లో మొదలై 2008 జూన్ 17న గాని 1.0కు, అంటే మొదటి స్థిరమైన వెర్షన్‌కు, చేరలేదు. పదిహేనేళ్లు. అనుకరించవలసిన విండోసే ఏటా మారుతుంటే గమ్యం నిలబడదు. అక్కడ కూడా ముడి విప్పినది కొలబద్దే: ఫొటోషాప్ సీఎస్2, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లు చూపించే వ్యూయర్లు పనిచేస్తే చాలు, 1.0 అందాం అని జాబితా రాసుకున్నారు. విండోస్ మొత్తాన్నీ అనుకరించడం ఎప్పటికీ పూర్తికాదు, ఆ జాబితా పూర్తవుతుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ 2003లో పుట్టి 2020 మే నెలలో 1.0 అయింది. జీతం లేకుండా పనిచేసేవారు పూచీ పడడానికి వెనకాడితే నేను తప్పు పట్టను. వారు మన దగ్గర ఏమీ తీసుకోలేదు.

మన భాషకు సంబంధించినది ఒకటి ఇక్కడ చెప్పాలి. 2011 జూన్‌లో గూగుల్ అనువాదంలోకి బెంగాలీ, గుజరాతీ, కన్నడం, తమిళంతో పాటు తెలుగు వచ్చినప్పుడు వాటిని ప్రయోగాత్మక ఆల్ఫా భాషలు అని ప్రకటించారు. అలా అనడం సరైన పని. బిల్లు మొత్తం తప్పో ఒప్పో తేల్చవచ్చు. అనువాదానికి ఆ గీత లేదు, కొంచెం మెరుగు, ఇంకొంచెం మెరుగు అంతే. ఆ రోజుల్లో అనువాద యంత్రాలు రెండు భాషల్లో జతగా ఉన్న పాఠ్యం నుంచి నేర్చుకునేవి. తెలుగులో అలాంటి పాఠ్యం తక్కువ. పైగా మన క్రియాపదం ఒక్కటే మనిషినీ వచనాన్నీ కాలాన్నీ మోస్తుంది. ఆపిల్ ఫోన్లలో మాట్లాడే సిరి కూడా 2011 అక్టోబరు నుంచి 2013లో ఐఓఎస్ 7 వచ్చేదాకా బీటా పేరుతోనే ఉంది. ఇటువంటి వాటిలో 'పూర్తయింది' అనే రోజు ఉండదు కాబట్టి, ఎక్కడ తప్పుతుందో చెప్పడమే పూచీ.

డబ్బు తీసుకుని ఏళ్ల తరబడి బీటా అనేవారి మీద మాత్రం నాకు కోపం ఉంది, దాచుకోను. అందరినీ ఒకే గాట కట్టడం లేదు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఆల్ఫాలో 9.95 యూరోలు, బీటాలో 14.95, పూర్తయ్యాక 19.95 తీసుకుంది. ముందు వచ్చినవారు అసంపూర్ణమైనదాన్ని తక్కువ ధరకు కొన్నారు. బీటా 2010 డిసెంబరులో మొదలై 2011 నవంబరు 18న ముగిసింది. ఇది న్యాయమైన బేరం. స్టార్ సిటిజెన్ అనే ఆట 2012లో జనం దగ్గర నిధులు సేకరించడం మొదలుపెట్టి, 50 కోట్ల డాలర్లు దాటాక కూడా, 2024 నాటికి ఆల్ఫాలోనే ఉంది. పూర్తి ధర వసూలు చేస్తూ, షరతుల పేజీలో మాత్రం 'బీటా కాబట్టి ఉన్నది ఉన్నట్టే, నష్టానికి మా బాధ్యత లేదు' అని రాసే చిన్న సంస్థలనూ చాలా చూశాను. సొమ్ము తీసుకున్న రోజునే బాధ్యత మొదలవుతుంది. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక మీ నోట్సు యాప్. అది ఎందుకు బీటాలో ఉందో వారి సమావేశ గదిలో కూర్చోకుండా నేను చెప్పలేను, కాని మీరు కొంత తేల్చుకోవచ్చు. వారు ప్రకటించిన మార్పుల జాబితా ఏడాది వెనక్కి చదవండి. అన్నీ కొత్త సదుపాయాలే అయితే గడియారాన్ని సున్నాకు తిప్పుకుంటున్నారని అర్థం. సింక్, బ్యాకప్, పాత నోట్సు తెరవడం గురించి దిద్దుబాట్లు కనిపిస్తే ఎవరో సంతకానికి సిద్ధమవుతున్నారు. 'బీటా ముగియడానికి ఇంకేమి మిగిలింది' అని ఒక మెయిల్ రాయండి. జాబితా పంపితే మంచి సంకేతం. 'త్వరలో' అన్న ఒక్క మాటే వస్తే వారి దగ్గర కొలబద్ద లేదు. డబ్బు కడుతున్నట్లయితే షరతుల పేజీలో బీటా అన్న మాట ఎక్కడ వస్తుందో వెతికి ఆ పేరా పూర్తిగా చదవండి.

ఆఫీసు పని పెట్టవచ్చా అన్నదానికి ఈ రాత్రే మీరే పరీక్ష చేయవచ్చు. మీ నోట్సు మొత్తం ఎగుమతి చేసి, ఆ యాప్ లేని మరో కంప్యూటర్‌లో తెరవండి. తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయా, ఒత్తులు విడిపోయాయా, బొమ్మలు వచ్చాయా, తేదీలు నిలిచాయా చూడండి. అన్నీ ఉంటే నెలకోసారి అలా తీసి దాచుకుంటూ, బీటా అని ఎన్నేళ్లున్నా వాడుకోండి. ఎగుమతి చేసే వీలే లేకపోతే, లేదా తీసిన ఫైలు ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకపోతే, ఆఫీసు పని అందులో పెట్టకండి. ఇప్పటికే పెట్టినవి కొంచెం కొంచెంగా బయటకు తెచ్చుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి.